కనపడేది మా పని కాదంటే కుదరదు

"యూఐ మాది కాదు సార్, మేం బ్యాక్ ఎండ్." అనంతపురం, తాడిపత్రి, ధర్మవరం, హిందూపురం నుంచి బెంగళూరు బస్సెక్కి మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ హాస్టళ్లలో దిగిన మన పిల్లల నోట ఈ మాట పదే పదే వింటున్నాను. చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో సంకోచం ఉండదు, గర్వం ఉంటుంది. డేటాబేస్ రాసేవాడు పైమెట్టు, బటన్ గీసేవాడు కిందిమెట్టు అన్న లెక్క కాలేజీలోనే తలకెక్కుతుంది. నేనూ బ్యాక్ ఎండ్ వాడినే. సర్వర్లు, టేబుళ్లు, ఏపీఐలే నాకు అన్నం పెడుతున్నాయి. ఆ పని మీద ప్రేమ ఉంది కాబట్టే గట్టిగా చెబుతున్నాను: ఈ గర్వం పనికిమాలిన గర్వం. తెర మీద ఏం కనపడుతుందో, ఏ వరుసలో కనపడుతుందో, ఎంత అక్షరంలో కనపడుతుందో పట్టని బ్యాక్ ఎండ్ ప్రోగ్రామర్ సగం పనే నేర్చుకున్నాడు. విజువల్ డిజైన్ మూలసూత్రాలు నేర్చుకోవడం అతని ఇష్టానికి వదిలేసే సంగతి కాదు. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలాంటి చోట అది జనానికి అతను పడిన బాకీ.

ఎందుకు బాకీ అంటున్నానో బండ్లపల్లి నుంచి మొదలుపెడతాను.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వానతో, బుడ్డల పంట మీద ఆశ పెట్టుకుని బతికే నేల ఇది. అదను తప్పితే కూలి పనీ ఉండదు, బెంగళూరుకో కేరళకో వలస పోవాలి. అలాంటి చోటు నుంచి పథకం దేశమంతా పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని తొలినాళ్ల నుంచే కంప్యూటర్ మీద నడిపింది. జాబ్ కార్డు, పని అంచనా, మస్టర్ (హాజరు పట్టీ), కూలి చెల్లింపు అన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాయి. అంటే ఈ కరువు సీమలో కూలి చేసే మనిషికీ అతని కూలి డబ్బుకూ మధ్య బ్యాక్ ఎండ్ ప్రోగ్రామర్ వచ్చి కూర్చుని దాదాపు 20 ఏళ్లు. ఊళ్లో అతని ముఖం ఎవరూ చూడలేదు. అతని నిర్ణయాలు మాత్రం ప్రతి ఇంటికీ చేరాయి.

ఆ పథకానికి ఆధారమైన చట్టంలో 17వ సెక్షన్ పెట్టారు. పనుల మీద సామాజిక తనిఖీ చేసే అధికారం గ్రామసభకు ఇచ్చిన సెక్షన్ అది. 2006లోనే మన జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. తనిఖీ ఎలా జరుగుతుంది? మస్టర్‌లో ఉన్నదాన్ని ఊరి ముందు బిగ్గరగా చదువుతారు. పేరు, ఎన్ని దినాలు పని చేశారు, ఎంత కూలి పడింది. చదవడం రాని అవ్వ కూడా లేచి "ఆ వారం నేను పనికే పోలేదే, నా పేరెట్లా వచ్చింది?" అని అడగగలదు. గమనించండి, అది డిజైన్. ఏది ముందు చెప్పాలి, ఏది వదిలేయాలి, ఎదుటివాళ్లకు ఏ రూపంలో అందాలి అన్న మూడు ప్రశ్నలకూ ఆ చదివే మనిషి దగ్గర జవాబు ఉంది.

అదే రికార్డు వెబ్ పేజీ అయ్యేసరికి ఏమైంది? అడ్డంగా జరుపుకుంటూ పోవాల్సిన పట్టిక అయింది. శీర్షికలు ఇంగ్లీషులో, వాటి కింద కాలమ్ నంబర్లు, గళ్లలో కోడ్‌లు. చిన్న ఫోన్‌లో తెరిస్తే పేరున్న గడి ఒక కొసన, కూలి ఉన్న గడి ఇంకో కొసన. రెండూ ఒక్కసారి కంటికి ఆనవు. ఆ పేజీ చూడగానే చెప్పేయొచ్చు, దాన్ని ఏ డిజైనరూ గీయలేదని. డేటాబేస్‌లో టేబుల్ ఎలా ఉందో అలాగే తెర మీదికి తోశారు. తోసినవాడిని అడిగితే "నేను డిజైన్ జోలికి పోలేదు" అంటాడు. పోయాడు. కాలమ్‌ల వరుస అతనిదే, శీర్షికల భాష అతనిదే, ఏది కనపడాలో ఏది దాగాలో తేల్చిందీ అతనే. డిజైన్ చేయకుండా తప్పించుకునే దారి ఏ ప్రోగ్రామర్‌కూ లేదు. తెలిసి చేస్తాడు, లేకపోతే తెలియక చేస్తాడు. తెలియక చేసినదాన్ని అనుభవించేది మాత్రం వేరేవాళ్లు.

"దానికే కదా సార్ డిజైనర్లు ఉన్నారు" అంటారు. ఉన్నారు, గౌరవించదగ్గ పని చేస్తున్నారు. కానీ డిజైనర్ గీసేది అంతా సవ్యంగా జరిగినప్పటి తెర. డబ్బు పడింది, ఆకుపచ్చ టిక్కు, ధన్యవాదాలు. డబ్బు పడనప్పుడు ఏం జరుగుతుందో అతనికి తెలియదు. అది తెలిసింది సర్వర్ రాసినవాడికి. ఎన్ని రకాలుగా తప్పు జరగవచ్చో ఆ జాబితా అతని కోడ్‌లోనే ఉంటుంది. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలి చెల్లింపులకు ఆధార్ ఆధారిత విధానాన్ని తప్పనిసరి చేశారు. జాబ్ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతాకు ఆధార్ జోడింపు మూడూ కుదరాలి. ఎక్కడ కుదరకపోయినా కూలి ఆగుతుంది. ఆగినప్పుడు తెర మీద వచ్చేది ఒక ఇంగ్లీషు ముక్క: ఇనాక్టివ్ ఆధార్, నో సచ్ అకౌంట్. దాన్ని పట్టుకుని ఆ మనిషి ఎక్కడికి పోవాలి? బ్యాంకుకా, మండల ఆఫీసుకా, ఆధార్ కేంద్రానికా? ఒక్కో ఆఫీసుకు పోవడమంటే ఒక దినం కూలి, బస్సు చార్జీ పోయినట్టే. ఏ మెట్టు దగ్గర ఆగిందో సర్వర్‌కు తెలుసు. ఎవరి దగ్గరికి పోతే సరిపోతుందో ఆ కోడ్ రాసినవాడికి తెలుసు. తెలిసీ "ఎర్రర్" అని రాసి ఊరుకున్నాడు. అతని అరగంట సోమరితనం పల్లెలో ఎందరి దినాలను తిన్నదో లెక్క కట్టేవాళ్లు ఎవరూ లేరు.

పంటల బీమా తీసుకోండి. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల ప్రకారం వడగళ్లు, ముంపు లాంటి స్థానిక నష్టాన్ని 72 గంటల్లో తెలపాలి. ఆ గడువులో రైతు ఫారం నింపుతుంటే సిగ్నల్ పోయిందనుకోండి. నింపినదంతా ఉందా, పోయిందా? మళ్లీ పంపితే రెండుసార్లు నమోదవుతుందా? "చేరింది" అని ఎక్కడైనా కనపడుతుందా? చిత్తుప్రతిని దాచడం, ఒకే దరఖాస్తు రెండుసార్లు పడకుండా చూడటం పక్కా బ్యాక్ ఎండ్ పనులు. ఆ సంగతి రైతుకు చెప్పడం విజువల్ డిజైన్ పని. వీటిని విడదీసి ఇద్దరికి పంచితే మధ్యలో నలిగేది ఆ 72 గంటలు.

భూమి సంగతి ఇంకా ముఖ్యం. 2020 డిసెంబర్‌లో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల చోట ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మన భాషలో చెప్పాలంటే కీ మారింది. డేటాబేస్‌కు అది ఒక అప్‌డేట్. రైతుకు ఆ పాత నంబర్ తాత కాలం నుంచి నోటికి వచ్చినది. పాస్ పుస్తకంలో, బ్యాంకు తాకట్టులో, అన్నదమ్ముల భాగ పరిష్కారంలో ఉన్న నంబర్. కొత్త నంబర్ పక్కన పాతది చూపించాలా, ఏది పెద్ద అక్షరంలో ఉండాలి, వెతికేటప్పుడు రెండిట్లో దేనితోనైనా దొరకాలా? ఈ ప్రశ్నలు ఫ్రంట్ ఎండ్ దాకా చేరకముందే తేలిపోతాయి. పాత నంబర్‌ను కొత్త టేబుల్‌లో ఉంచకపోతే ఎంత గొప్ప డిజైనర్ వచ్చినా దాన్ని చూపించలేడు. చూపు లేనివాడు టేబుల్ గీస్తే తెర పుట్టకముందే గుడ్డిదవుతుంది.

ఇక తెలుగు. ఇక్కడ నా కోపానికి అసలు కారణం ఉంది.

పుస్తకాల్లోంచి, బెంగళూరు ఆఫీసుల్లోంచి, విదేశీ టెంప్లేట్లలోంచి మనకొచ్చే డిజైన్ అంతా ఇంగ్లీషు అక్షరం కొలతతో కుట్టినది. దాన్ని తెలుగుకు సరిచేసే మనిషి ప్రాజెక్టులో ఎవరూ ఉండరు. డిజైనర్‌కు తెలుగు రాకపోవచ్చు. ఫ్రంట్ ఎండ్ రాసే మనిషి పుణేలో ఉండవచ్చు. తెలుగు తెలిసిన ఒకే ఒక్కడు సర్వర్ దగ్గర కూర్చున్న మన నార్పల కుర్రాడు. అతను నోరు మూసుకుంటే ఇక చెప్పేవాడు లేడు.

"స్త్రీ" తీసుకోండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, విరామం, త, విరామం, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, అంటే 18 బైట్లు. పేరు కాలమ్‌కు 30 బైట్లు చాలనుకుని అక్కడ కోసేస్తే "వెంకటేశ్వర్లు" ఏమవుతుంది? 13 సంకేతాలు, 39 బైట్లు. 30 దగ్గర తెగితే "వెంకటేశ్వర" మిగులుతుంది. అచ్చంగా ఇంకో మనిషి పేరు! ఆధార్‌లో ఒకటి, ఇక్కడ ఒకటి. పేర్లు కలవలేదు, డబ్బు ఆగింది. ఈ తప్పు బ్యాక్ ఎండ్‌దా, డిజైన్‌దా? అక్షరం ఎలా కనపడుతుందో ఎన్నడూ చూడనివాడు అక్షరానికి ఎంత చోటు కావాలో ఎలా నిర్ణయిస్తాడు?

ఎస్ఎంఎస్ సంగతీ అంతే. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 సంకేతాలే పడతాయి. ఆ 70లో ముందు ఏం రావాలి? ఆఫీసు పేరా, పథకం పేరా, పడిన డబ్బా? సందేశం పంపే కోడ్ రాసేవాడే దాన్ని తేల్చాలి. తేల్చడం చేతకాకే చాలామంది ఇంగ్లీషులో పంపి చేతులు దులుపుకుంటున్నారు.

మన లిపిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"ను పోలిన ఒక తెలుగు సంకేతాల కూర్పు ఐఫోన్‌లను కుప్పకూల్చింది. సందేశంలో ఆ కూర్పు వస్తే చాలు, యాప్ మూతపడేది. యాపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అక్షరాన్ని తెర మీద పేర్చే వ్యవస్థలో, అంటే కనపడే పనికి అడుగున ఉన్న కోడ్‌లో, దొర్లిన తప్పు అది. అంత పెద్ద సంస్థే తెలుగు వత్తు ముందు తడబడింది. మన ఊళ్ల కోసం మనం రాసే పేజీల్లో తెలుగును ఎవరు పరీక్షిస్తున్నారు? ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎడం పెట్టి తెలుగు పోస్తే పై వరుస వత్తు, కింది వరుస గుడి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. "సబ్మిట్" కోసం కొలిచిన బటన్‌లో "సమర్పించండి" పెడితే చివరి అక్షరాలు తెగిపోతాయి. వత్తు తెగిన పదాన్ని మన పెద్దవాళ్లు చదవలేక, తమకే చదువు రాదని సిగ్గుపడి ఫోన్ పక్కవాడికి ఇచ్చేస్తారు. మన చేతకానితనానికి వాళ్లెందుకు సిగ్గుపడాలి?

సామగ్రి లేదన్న సాకు కూడా చెల్లదు. మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ ఫాంట్లన్నీ ఉచితంగా దొరుకుతున్నాయి. పెనుకొండను ఏలిన రాయల పేరు మీదా ఒక ఫాంట్ ఉంది. రామభద్ర లాంటి బరువైన అక్షరం శీర్షికకు నప్పుతుంది, చిన్న సైజులో పేరా నింపితే ముద్దవుతుంది. ఈ మాత్రం తేడా తెలుసుకోవడానికి చిత్రకారుడై పుట్టనక్కర్లేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని చూస్తే చాలు.

మధ్యాహ్నం అన్నాను కాబట్టి ఎండ సంగతి. ఏసీ గదిలో పెద్ద మానిటర్ మీద తెల్లటి పేజీలో లేత బూడిద అక్షరం నాజూగ్గా ఉంటుంది. ఏప్రిల్‌లో కళ్యాణదుర్గం పొలంలో, గీతలు పడిన చవక ఫోన్ మీద, నడినెత్తిన సూర్యుడితో అదే అక్షరం చూడండి. ఏమీ కనపడదు. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఎండలో బతికే మనకు అది అడుగు గీత, అంతకంటే ఎక్కువే కావాలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల దగ్గర హాజరును యాప్‌లో, రోజుకు రెండు ఫోటోలతో వేయడం తప్పనిసరి చేశారు. ఆ యాప్ వాడింది పని దగ్గర కూలీలను చూసుకునే మేట్. వాడింది ఎండలో, సిగ్నల్ దోబూచులాడే గుట్టల మధ్య, చుట్టూ కూలీలు నిలబడి ఉండగా. ఫోటో ఎక్కిందా లేదా అన్నది అక్కడ చూసీచూడగానే తెలియాలి. తెలియకపోతే ఆ దినం చెమట లెక్కలోకి రాదు. పథకాల పేర్లు మారతాయి, చట్టాలు మారతాయి. ఎండా ఫోనూ చవక తెరా ఇక్కడే ఉంటాయి.

కనపడేది వేరు, వెనుక నడిచేది వేరు అన్న విభజన మన నేలకే కొత్త. ధర్మవరంలో పట్టుచీర మగ్గం దగ్గరికి వెళ్లండి. అంచు, కొంగు డిజైన్‌ను ముందు గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. అట్టల దండను మగ్గం పైన జకార్డ్‌కు కడతారు. రంధ్రం ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది, లేనిచోట పోగు కిందే ఉంటుంది. పేక పడే కొద్దీ అట్టలు ఒకదాని వెంట ఒకటి తిరుగుతాయి. ఫ్రాన్స్‌లో 1804 నాటి జకార్డ్ ఏర్పాటు ఇది. ఆ అట్టల ఆలోచననే చార్లెస్ బాబేజ్ 1830లలో తన అనలిటికల్ ఇంజిన్‌కు తీసుకున్నాడు. 1890 అమెరికా జనగణనను హోలరిత్ యంత్రాలు రంధ్రాల కార్డుల మీదే లెక్కగట్టాయి. అంటే మన వృత్తి పుట్టుకలోనే బట్ట మీది బొమ్మ ఉంది. అట్టకు రంధ్రం కొట్టే మనిషి "అంచు మీద నెమలి ఎలా వస్తుందో నాకు అనవసరం" అనగలడా? ఒక్క రంధ్రం తప్పితే ఆ అట్ట తిరిగిన ప్రతిసారీ అదే తప్పు చీర పొడవునా పడుతుంది. అందుకే ఆ పనివాడికి రంధ్రమూ తెలుసు, నెమలీ తెలుసు.

రంధ్రాల కార్డు ఇంకో పాఠం కూడా చెప్పింది. 2000 నవంబర్ అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ కౌంటీలో, వృద్ధులకు అక్షరాలు పెద్దగా కనపడాలన్న మంచి ఉద్దేశంతో అభ్యర్థుల పేర్లను రెండు పక్కలా సర్ది, రంధ్రాల వరుసను మధ్యలో పెట్టారు. ఎడమ పక్క రెండో పేరు అల్ గోర్‌ది. మధ్యలో రెండో రంధ్రం మాత్రం కుడి పక్కనున్న పాట్ బుకానన్‌ది. గోర్‌కు వేయబోయి ఎందరో బుకానన్‌కు వేశారు. ఆ రాష్ట్ర ఫలితం 537 ఓట్ల తేడాతో తేలింది, దాంతోపాటే దేశాధ్యక్షుడూ తేలాడు. ఉద్దేశం మంచిదైతే చాలదు. కంటి నడక తెలియాలి. మంచి మనసుతో చేసిన చెడ్డ అమరిక, చెడ్డ మనసుతో చేసినంత నష్టమూ చేస్తుంది.

ఇక నా మీదికి వచ్చే వాదనలకు వరుసగా జవాబు చెబుతాను.

"ఒక్కడు అన్నీ నేర్చుకోలేడు, నైపుణ్యం అంటేనే ఒకదానిలో లోతు" అంటారు. లోతు కావాలి, ఒప్పుకుంటాను. లోగోలు గీయమని, బొమ్మలు వేయమని, యానిమేషన్లు చేయమని నేను అడగడం లేదు. అవి ఆ కళ నేర్చినవాళ్ల అన్నం, వాళ్లకే ఉండాలి. నేనడిగేది వరుస, ఎడం, అక్షరం సైజు, రంగుల తేడా, మాటల పొందిక. ఇంత నేర్చుకుంటే డేటాబేస్ మీద నీ పట్టు సడలదు. పైగా బిగుస్తుంది. ఏ సమాచారం మనిషికి ముందు కావాలో తెలిసినవాడు క్వెరీ కూడా బాగా రాస్తాడు. వెబ్ పుట్టినప్పుడు ఫ్రంట్ ఎండ్‌కూ బ్యాక్ ఎండ్‌కూ మధ్య ఈ గోడ లేదు. 1990 ప్రాంతంలో టిమ్ బెర్నర్స్ లీ సర్వరూ బ్రౌజరూ పేజీ కూడా తన చేత్తోనే రాశాడు. గోడ తర్వాత కంపెనీలు కట్టినది. వాళ్ల సౌకర్యం కోసం కట్టిన గోడను మనం శాస్త్రం అనుకుంటున్నాం.

"పెద్ద కంపెనీల్లో ప్రతి పనికీ ఒకరుంటారు" అంటారు. ఉంటారు. గుంతకల్లులో ఎరువుల దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు ఎవరుంటారు? పాల సంఘానికి, ధర్మవరం చీరల వ్యాపారికి, మండలంలోని మహిళా సమాఖ్యకు రాసేటప్పుడు? ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడు బ్యాక్ ఎండ్ వాడే అయి ఉంటాడు, ఎందుకంటే మన కాలేజీలు తయారుచేసేది వాళ్లనే. మన ఊళ్లకు సాఫ్ట్‌వేర్ రావాలంటే ఆ ఒక్కడికి కన్ను ఉండాలి.

"అందం పుట్టుకతో రావాలి" అంటారు. ఇది బద్ధకానికి తొడిగిన పట్టుచొక్కా. మన ఇళ్ల ముందు తెల్లవారుజామున చుక్కలు లెక్కపెట్టి ముగ్గు వేసే ఆడవాళ్లలో ఎవరికి పుట్టుకతో వచ్చింది? అమ్మను చూసి నేర్చుకున్నారు, తప్పితే తుడిచి మళ్లీ వేశారు. అమరికకు సూత్రాలున్నాయి, సాధన ఉంది. గ్రాఫ్ అల్గారిథంలు నేర్చినవాడికి ఎడం సమంగా పెట్టడం బ్రహ్మవిద్య కాదు.

"ఇది కంపెనీల ఎత్తు, ఫుల్ స్టాక్ పేరుతో ఇద్దరి పని ఒకరితో చేయిస్తున్నారు" అంటారు. ఈ ఒక్క వాదన ముందు తల వంచుతాను, ఎందుకంటే ఇది నిజం. ప్రకటనలో డేటాబేస్, సర్వర్, క్లౌడ్, డిజైన్ అన్నీ అడిగి చేతిలో ఒక ఫ్రెషర్ జీతం పెడుతున్నారు. మన జిల్లా పిల్లలకు వెనక్కి వస్తే వాన లేదు, పొలం లేదు అని తెలిసి మరీ బేరమాడుతున్నారు. ఇది దోపిడీ, దోపిడీ అనే పిలవాలి. కానీ దానికి మందు అజ్ఞానమా? నేర్చుకోకుండా ఉంటే జీతం పెరుగుతుందా? నేర్చుకోండి, ఆ నేర్పుకు ధర అడగండి. రెండు ఉద్యోగాల పని గంటలు మీ మీద రుద్దితే కలిసి కాదనండి. మీ కన్ను మీది, దాన్ని మీ యజమాని కోసం తెరుచుకోవడం లేదు. యజమాని దోచుకుంటున్నాడని కూలి మనిషికి చదవలేని తెర ఇవ్వడం ఏ న్యాయం?

"ఇప్పుడు ఏఐ గీసిపెడుతోంది కదా" అనేది కొత్త వాదన. గీస్తోంది, క్షణంలో గీస్తోంది. ఇంగ్లీషు లోకం చూసి నేర్చుకున్న తెరనే గీస్తోంది. అది ఇచ్చిన పదింటిలో ఏది మన మేట్ చేతిలో పనికొస్తుందో, ఏది పనికిరాదో చెప్పడానికి ఒక మనిషి కావాలి. కన్ను లేనివాడికి పది తెరలూ ఒకటే. గీసే పని చవకైన కొద్దీ ఎంచే చూపు విలువ పెరుగుతుంది.

మనవాడని సత్య నాదెళ్ల పేరు చెప్పుకుని మురిసిపోతాం. తండ్రి బి.ఎన్. యుగంధర్ గారిది యల్లనూరు మండలం బుక్కాపురం. మురవడం తప్పు కాదు, కానీ నాదెళ్ల నుంచి ఏం తీసుకున్నాం? సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన కొడుకును పెంచుతూ ఎదుటి మనిషి స్థానంలో నిలబడి చూడటం నేర్చుకున్నానని ఆయన రాసుకున్నారు. 2018లో ఆయన సారథ్యంలో మైక్రోసాఫ్ట్ చేతులు సరిగా కదలనివాళ్లు కూడా ఆడుకునేలా ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. మన పిల్లలు ప్యాకేజీ అంకె ఒక్కటే నేర్చుకున్నారు.

తప్పు పిల్లలదొక్కటే అనను. 1946లో గిండీలో మొదలై 1948లో మన ఊరికి వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ ఈనాడు జేఎన్‌టీయూ అనంతపురం. దాని నీడలో ఎన్నో కాలేజీలు పెరిగాయి. వెబ్ టెక్నాలజీస్ పేపర్ ఉంది, ట్యాగులు నేర్పుతారు, పరీక్షలో ట్యాగులు రాయిస్తారు. చూడటం నేర్పరు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును ఇద్దరు లెక్చరర్లు చూసి మార్కులు వేస్తే చాలదు. ఆ పిల్లలను ఫోన్‌తో సహా ఊళ్లోకి పంపండి. పొదుపు సంఘం లీడర్ చేతికో, సేద్యం చేసే పెద్దాయన చేతికో ఫోన్ ఇచ్చి, నోరు మెదపకుండా పక్కన నిలబడమనండి. ఆమె వేలు ఎక్కడ ఆగిందో, ఆయన ఏ మాట దగ్గర మొహం చిట్లించాడో రాసుకోమనండి. ఆ కాగితానికి సగం మార్కులు ఇవ్వండి. పెద్ద పెద్ద పాఠ్యపుస్తకాలు ఇవ్వలేని చదువు ఆ ఒక్క పూట ఇస్తుంది. 2011 జనగణన నాటికి మన ఉమ్మడి జిల్లా అక్షరాస్యత 64 శాతం దగ్గరే ఉంది. ఆ మిగతా వాళ్లను లెక్కలో పెట్టుకోని ఇంజనీరు ఈ జిల్లాకు ఇంజనీరు కాడు.

టెండర్లు రాసే అధికారులకూ ఒక మాట. సర్వర్ ఎన్ని గంటలు నడవాలో, ఎంత డేటా దాచాలో పేజీలకు పేజీలు రాస్తారు. తెలుగు అక్షరం తెగకూడదని, ఎర్రర్ వస్తే తర్వాత ఏం చేయాలో తెలుగులో చెప్పాలని, ఎండలో చవక ఫోన్ మీద పరీక్షించాలని ఎందుకు రాయరు? రాయండి. పాటించకపోతే బిల్లు ఆపండి. కూలి మనిషి డబ్బును ఒక అక్షరం తేడాకు ఆపగలిగిన వ్యవస్థ, కాంట్రాక్టర్ డబ్బును తెగిన అక్షరానికి ఎందుకు ఆపలేదు?

బ్యాక్ ఎండ్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చివరిగా సూటిగా చెబుతున్నాను. ఈ వారమే మొదలుపెట్టండి. మీరు రాసిన సిస్టంలో ఎర్రర్ సందేశాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన "ఏం జరిగింది, ఇప్పుడు ఎక్కడికి పోవాలి, ఏం తీసుకుపోవాలి" అని మీ అమ్మతో మాట్లాడే తెలుగులో రాయండి. ఆ మాటల్ని తెర మీద పెద్ద అక్షరంలో, చాలినంత ఎడంతో, ముందుకు తెచ్చి పెట్టండి. పేరు కాలమ్‌లన్నిటిలో పొడుగాటి తెలుగు పేరు పోసి చూడండి. సీఎస్ఎస్ చదవండి. ఫాంట్లు పోల్చి చూడండి. ఆఫీసులో ఎవరైనా "ఇది నీ పని కాదు" అంటే, ఆ తెర మీద తన కూలి కోసం వెతుక్కునే మనిషి తరఫున నిలబడి, "ఇది నా పనే" అనండి. ఆ మాట అనే ధైర్యం, అనడానికి కావలసిన నేర్పు రెండూ సంపాదించాకే మిమ్మల్ని మీరు ఇంజనీర్లని చెప్పుకోండి.